నివురుగప్పిన భయం: మడ అడవిలో ఒక భయానక చిత్రాన్ని ఊహిస్తే

అడవి నేపథ్యంలో నిదానంగా సాగే మానసిక భయానక చిత్రం ముగిసి తెర చీకటి పడగానే మన ఇళ్ళలో వినిపించే మొదటి ప్రశ్న, "ఇంతకీ అక్కడ దయ్యం ఉందా, లేదా?" అన్నది. మా ఇంట్లో ఈ ప్రశ్న ప్రతిసారీ మా బావగారే వేస్తారు. తెలియదని చెబితే రెండు గంటలు వృథా అయిందని నొచ్చుకుంటారు. ఆయన నొచ్చుకోవడంలో అన్యాయం లేదు. కథ చెబుతానని కూర్చోబెట్టినవాడు ముగింపు చెప్పకుండా లేచిపోతే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. అయితే ఈ తరహా చిత్రాల్లో బాగా తీసినవి ఆ ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం మరుపు వల్ల కాదు. ఆ ప్రశ్న ప్రేక్షకుడి మనసులో తెగకుండా నిలిచి ఉండడానికి మొదటి దృశ్యం నుంచే ఓపికగా పనిచేస్తాయి. ఆ పని ఎలా జరుగుతుందో, దానికి అడవే ఎందుకు కావలసి వస్తుందో, మన గోదావరి డెల్టాలోని మడ అడవిలో అలాంటి చిత్రం తీస్తే అది ఏ దారిన నడవాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మాటల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ చిక్కుముడిలో సగం మన భాషే విప్పుతుంది. తలుపు చాటు నుంచి ఎవరో ఒక్కసారిగా అరిస్తే కలిగేది ఉలికిపాటు. రాత్రి పన్నెండు దాటినా ఇంటికి చేరని మనిషి కోసం వీధి గుమ్మంలో నిలబడితే కలిగేది గుబులు. ఉలికిపాటుకు కారణం కళ్ళ ముందే ఉంటుంది కాబట్టి అది వచ్చినంత వేగంగానూ పోతుంది, చాలాసార్లు నవ్వుగా కూడా మారిపోతుంది. గుబులుకు కారణం ఇంకా కళ్ళబడలేదు. అది వస్తుందో రాదో కూడా తెలియదు. అందుచేత దానిని ఎదుర్కోవడానికీ వీలుండదు, దాని నుంచి పారిపోవడానికీ వీలుండదు. మన ప్రేక్షకులకు బాగా అలవాటైన దయ్యం సినిమా ఉలికిపాటును వరుసగా పేర్చుకుంటూ పోతుంది. నిదానంగా సాగే చిత్రం గుబులును మాత్రమే నమ్ముకుంటుంది.

ఈ తేడా కేవలం అభిరుచికి సంబంధించినది కాదు, శరీరంలో కూడా కనిపిస్తుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 45 మంది చేత ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. తెర మీద కనిపించే రాయి కింద పాము ఉందో లేదో ఆడేవారు ఊహించాలి. పాము ఉంటే చేతికి నొప్పి కలిగించే విద్యుత్ షాకు తగులుతుంది. కంటిపాప విప్పారడాన్నీ, చర్మం మీద చెమటనూ కొలిచి చూస్తే, షాకు తప్పదని ఖాయంగా తెలిసినప్పటి కంటే, తగలడానికీ తగలకపోవడానికీ సగం సగం అవకాశం ఉన్నప్పుడే ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువగా ఉన్నట్టు తేలింది. తప్పదని తెలిసిన బాధకు మనసు సిద్ధపడగలదు. సందేహానికి ఎలా సిద్ధపడాలో దానికి తెలియదు. నిదానంగా సాగే చిత్రం చేసేదల్లా ఆ సగం సగాన్ని రెండు గంటల పాటు చెదరకుండా మోయడమే. ఒకవైపు కొంచెం ఎక్కువ మొగ్గితే అది మామూలు దయ్యం కథ అవుతుంది, మరోవైపు మొగ్గితే ఆసుపత్రి కేసు అవుతుంది.

నిదానం అన్న మాటను కూడా అపార్థం చేసుకునే ప్రమాదం ఉంది. ఏమీ జరగకుండా చెట్లనూ ఆకాశాన్నీ చూపిస్తూ కూర్చుంటే అది నిదానం అనిపించుకోదు, ఖాళీ అనిపించుకుంటుంది. డెల్టాలో పెరిగినవారికి దీన్ని ఒక్క ఉదాహరణతో చెప్పవచ్చు. రేవు మెట్ల మీద నిలబడి పోటు ఎక్కడాన్ని కన్నార్పకుండా చూస్తే నీరు కదులుతున్నట్టే తెలియదు; ఎవరితోనో రెండు మాటలు మాట్లాడి మళ్ళీ తిరిగి చూస్తే, ఇందాక పొడిగా ఉన్న మెట్టు కనబడదు. మంచి చిత్రంలో ప్రతి దృశ్యమూ అలా ఒక మెట్టును ముంచుతుంది. ఎక్కడ మునిగిందో ప్రేక్షకుడు చెప్పలేకపోవచ్చు గానీ, గంట గడిచేసరికి తాను నిలబడిన చోటు మారిపోయిందని అతనికి తెలుస్తుంది.

అడవి ఎందుకు అన్న ప్రశ్నకు మన దగ్గర చాలా పాత సమాధానం ఉంది. నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భరతుడు భయానక రసానికి విభావాలను, అంటే భయాన్ని పుట్టించే కారణాలను చెబుతూ వికృతమైన ధ్వని, భూతాల దర్శనం, నక్కల వల్లా గుడ్లగూబల వల్లా కలిగే త్రాసం, పాడుబడిన ఇంటికో అడవికో వెళ్ళడం, అయినవారి చావునో బంధనాన్నో చూడడం, వినడం, వాటిని గురించిన కథ చెప్పుకోవడం అంటూ వరుసగా పేర్కొన్నాడు. ఈ జాబితాలో భూతం ఒకానొకటి మాత్రమే. మిగిలినవన్నీ ఒక ఒంటరి మనిషికీ, అతను ఉన్న చోటుకూ, అతను విన్న మాటకూ సంబంధించినవి. అసహ్యం మీద నిలిచే బీభత్స రసాన్ని భరతుడు దీని నుంచి విడదీసి వేరే రసంగా చెప్పాడు. నెత్తురు, కుళ్ళిన శవం చూపించి భయపెట్టామని అనుకునే దర్శకులు ఆ విభజనను ఒకసారి శ్రద్ధగా చదవడం మంచిది. అంతకంటే ముఖ్యమైన మాట ఆ అధ్యాయంలోనే మరొకటి ఉంది. భయానకం మూడు విధాలని, వ్యాజం వల్ల, అంటే నటన వల్ల పుట్టేది ఒకటి, అపరాధం వల్ల పుట్టేది ఒకటి, బెదిరింపు వల్ల పుట్టేది ఒకటి అని భరతుడు అంటాడు. ఈ మూడింటిలో అపరాధం అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. మానసిక భయానక చిత్రానికి అసలు ఇరుసు అదేనని నా అభిప్రాయం. దాని దగ్గరికి మళ్ళీ వద్దాం.

దారి తప్పడం

మనిషి తాను క్షేమంగా ఉన్నానని నిర్ధారించుకోవడానికి నిత్యం కొన్ని ఆధారాల మీద నిలబడి ఉంటాడు. తూర్పు ఎటో తెలియడం, సమయం తెలియడం, పక్కనున్న మనిషి మాటను నమ్మగలగడం, అన్నిటికీ మించి తన కళ్ళనూ చెవులనూ నమ్మగలగడం వాటిలో ముఖ్యమైనవి. అడవి వీటిని ఒక్కొక్కటిగా లాగేస్తుంది. 1999లో విడుదలైన "ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్" అన్న అమెరికన్ చిత్రం ఈ పనిని ఎంత నిక్కచ్చిగా చేసిందో చూస్తే ఈ సూత్రం సులువుగా అర్థమవుతుంది. ఒక యువతి, ఇద్దరు యువకులు కెమెరాలతో అడవిలోకి వెళతారు. వారి మ్యాపును వారిలోనే ఒకడు చిరాకు కొద్దీ వాగులోకి తన్నేస్తాడు. దిక్సూచి చూసుకుంటూ రోజంతా దక్షిణానికే నడిచి, సాయంత్రానికి పొద్దున దాటిన దుంగ దగ్గరికే వచ్చి నిలబడతారు. చిత్రం మొత్తంలో మంత్రగత్తె ఒక్కసారి కూడా కనబడదు. మేరీలాండ్ అడవుల్లో సుమారు ఎనిమిది రోజుల పాటు సాగిన ఆ చిత్రీకరణలో నటులకు రోజురోజుకూ ఆహారం తగ్గించారు. రాత్రిళ్ళు వారు పడుకున్న గుడారాల చుట్టూ దర్శకులే శబ్దాలు చేశారు. తెర మీద కనిపించే అలసట, చిరాకు చాలావరకు నిజమైనవే.

ఆ దుంగ దగ్గరి దృశ్యం కల్పనే అయినా, దాని వెనుక ఒక వాస్తవం ఉంది. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం కొందరిని జర్మనీలోని ఒక చదునైన అడవిలోనూ, ట్యునీషియా వైపు సహారా ఎడారిలోనూ తిన్నగా నడవమన్నారు. సూర్యుడు కనిపించినంతసేపూ వారు దాదాపు తిన్నగానే నడిచారు. మబ్బు పట్టినప్పుడు మాత్రం, తాము తిన్నగానే పోతున్నామన్న నమ్మకంతోనే గుండ్రంగా తిరిగి, తమ దారినే తాము అడ్డంగా దాటారు. ఆ సంగతి వారికి తెలియను కూడా తెలియలేదు. దయ్యం తిప్పిందని మన పెద్దలు చెప్పుకునే కథలకు మూలంలో ఇలాంటి అనుభవం ఉండి ఉండవచ్చు; అంతమాత్రాన ఆ మాట చెప్పినవారి భయం అబద్ధం కాదు.

మన డెల్టాకు వద్దాం. కాకినాడకు దక్షిణంగా, గౌతమి పాయ సముద్రంలో కలిసే ప్రాంతంలో కోరింగ (కోరంగి) మడ అడవి ఉంది. 1978లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. నల్ల మడ, తెల్ల మడ, పాలు కంట్లో పడితే చూపు పోతుందని అందరూ భయపడే తిల్ల చెట్లు, బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చే శ్వాస వేర్లు, నీటి కుక్కలు, బావురు పిల్లులు, నక్కలు ఇక్కడ ఉంటాయి. కొయ్య వంతెన మీద మధ్యాహ్నం షికారుకు వచ్చి వెళ్ళేవారికి ఇది అందమైన చోటు. చిన్న పాయల్లోకి నాటు పడవ మీద లోపలికి వెళ్ళినవారికి మరొక సంగతి తెలుస్తుంది. ఇక్కడ కొండ లేదు, గుట్ట లేదు, ఎక్కి చూడడానికి ఎత్తయిన చెట్టు కూడా అరుదు. రెండు వైపులా ఒకే ఎత్తులో, ఒకే రంగులో నిలబడిన మడ చెట్ల గోడలు. మలుపు తిరిగితే మళ్ళీ అవే గోడలు.

కొండ అడవికీ మడ అడవికీ ఉన్న అసలు తేడా నీటిలో ఉంది. కొండ అడవిలో పొద్దున చూసిన దారి సాయంత్రానికి కూడా అక్కడే ఉంటుంది. దానిని పోగొట్టుకునేది మనిషే. ఇక్కడ దారే కదులుతుంది. ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాల వ్యవధి ఉంటుంది కాబట్టి రోజుకు రెండుసార్లు నీరు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది, ప్రతి రోజూ ఆ వేళ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పోటు మీద పడవ సాఫీగా పోయిన పాయలో, నీరు దిగే పాటు వేళకు బురద తేలుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు మరింత లోపలికి చొచ్చుకొస్తుంది. గట్టు అనుకున్నది పాయ అవుతుంది, పాయ అనుకున్నది గట్టు అవుతుంది. ఈ లెక్క తెలిసిన సరంగుకు ఇందులో వింత ఏమీ లేదు. అతనికి ఇది గడియారం. తెలియనివాడికి మాత్రం, తనను లోపలికి రానిచ్చిన చోటే బయటికి పోనివ్వడం లేదని అనిపిస్తుంది. భయానక చిత్రానికి ఇంతకంటే నిజాయితీగల ఏర్పాటు దొరకదు, ఎందుకంటే ఇందులో దర్శకుడు ఏదీ కల్పించనక్కరలేదు.

అడుగుజాడల సంగతే చూడండి. పొడి నేల మీద కనిపించిన అడుగు నిన్నటిది కావచ్చు, వారం కిందటిది కావచ్చు. మడ అడవి బురదలో నీరు ఎక్కి దిగే చోట కనిపించిన అడుగు తన వయసు తానే చెబుతుంది: ఇది నీరు దిగిన తర్వాత పడింది, అంటే గడిచిన కొద్ది గంటల్లోనే ఎవరో ఇక్కడ నడిచారు. పీతలు పట్టేవారు కావచ్చు, సహజమే. కానీ ఆ అడుగులు ఒక తిల్ల చెట్టు మొదలు దగ్గర ఆగిపోయి, తిరిగి వెళ్ళిన జాడ కనిపించకపోతే, ప్రేక్షకుడి లోపల ఏదో ఒకటి కదులుతుంది. అక్కడి నుంచి పడవ ఎక్కి వెళ్ళి ఉంటారని మనసు సమాధానం చెప్పుకుంటుంది. ఆ సమాధానం పూర్తిగా సరిపోతుంది. సరిపోయినా గుబులు పోదు.

మిట్టమధ్యాహ్నమూ, నాలుగో మనిషీ

చీకటి లేకుండా భయం పుట్టదన్న నమ్మకాన్ని 1975లో ఆస్ట్రేలియా దర్శకుడు పీటర్ వియర్ తీసిన "పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్" తుడిచిపెట్టింది. 1900 ఫిబ్రవరి 14న ఒక బాలికల పాఠశాల వారు కొండరాళ్ళ దగ్గరికి వనభోజనానికి వెళతారు. ఎండ మండుతుండగా గడియారాలు పన్నెండు దగ్గర ఆగిపోతాయి. కొందరు అమ్మాయిలూ ఒక ఉపాధ్యాయురాలూ రాళ్ళ మధ్యకు వెళ్ళి మాయమవుతారు. ఎందుకో చిత్రం చెప్పదు. దీనికి ఆధారమైన 1967 నాటి నవలకు రచయిత్రి ఒక చివరి అధ్యాయం రాసి ఉంచగా, దాన్ని తీసేసి నవలను ప్రచురించారు. ఆమె మరణానంతరం 1987లో ఆ అధ్యాయం వెలువడింది. అయినా ఈనాటికీ ఆ కథకు విలువ తెచ్చినది ఆ అధ్యాయం లేకపోవడమే. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి వెళ్ళవద్దని పిల్లలను వారించే మన ఊళ్ళలో ఎండవేళ భయం కొత్తదేమీ కాదు. మడ అడవిలో మధ్యాహ్నం పాటు వేళకు గాలి ఆగిపోయి, బురద ఆరుతూ, వేల పీతల బొరియల నుంచి చిటపట శబ్దం వస్తుంటే, ఆ శబ్దానికి ఒక దిక్కు అంటూ ఉండదు. దాని మీద వాయిద్యాల సంగీతం పోసే దర్శకుడు తన చేతిలో ఉన్న సొమ్మును తానే పారేసుకున్నవాడు.

ఒంటరితనం మనసుకు మరొక పని కూడా చేస్తుంది. 1916 మే నెలలో అంటార్కిటికా యాత్రికుడు ఎర్నెస్ట్ షాకిల్టన్ ఇద్దరు సహచరులతో కలిసి సౌత్ జార్జియా దీవి మంచుకొండలను సుమారు 36 గంటల్లో దాటాడు. నడిచినవారు ముగ్గురే అయినా తమతో నాలుగో మనిషి ఉన్నట్టు తనకు తరచూ అనిపించిందని ఆయన తర్వాత రాశాడు; మిగిలిన ఇద్దరూ తమకూ అలాగే తోచిందని చెప్పారు. అలసట, చలి, ఒకే రకమైన పరిసరాలు కలిసినప్పుడు పక్కన ఎవరో ఉన్నారన్న భావన కలగడం పర్వతారోహకుల్లోనూ, ఒంటరి నావికుల్లోనూ చాలామంది చెప్పిన అనుభవమే. షాకిల్టన్‌కు ఆ నాలుగోవాడు ధైర్యం ఇచ్చాడు. అదే మనిషి, మనసులో తప్పు మోస్తున్నవాడి పక్కన నడిస్తే ఏమవుతుందన్నదే మానసిక భయానక చిత్రం అడిగే ప్రశ్న. భరతుడు చెప్పిన అపరాధం ఇక్కడే ప్రవేశిస్తుంది.

అపరాధం

విడిగా సిద్ధాంతం చెబితే ఇది తేలదు కాబట్టి ఒక కథను ఊహిద్దాం. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమను ఎంతగా ధ్వంసం చేసిందో, ఎందరు మత్స్యకారులు వేటకు వెళ్ళి తిరిగి రాలేదో ఇక్కడివారికి గుర్తే. మన కథలోని తండ్రి ఆనాడు రొయ్య పిల్ల పట్టడానికి గౌతమి మొగ వైపు, అంటే పాయ సముద్రంలో కలిసే చోటు వైపు వెళ్ళాడు. రేడియోలో హెచ్చరిక విన్న తల్లి, పదహారేళ్ళ పెద్ద కొడుకును పంపి, నాన్నను వెంటనే ఇంటికి రమ్మని చెప్పమంది. ఆ కుర్రవాడు సగం దారిలో స్నేహితుల దగ్గర ఆగిపోయి, ఇంటికి వచ్చి, "చెప్పానమ్మా, వస్తానన్నాడు" అన్నాడు. తండ్రి రాలేదు. శరీరం దొరకలేదు. చెప్పినా వినని మనిషి అని తల్లి భర్తను తిట్టుకుంటూ, మెడలో పుస్తె తీయకుండా బతికి, ఈ మధ్యనే పోయింది. ఇప్పుడు ఆమె అస్థికలను తండ్రి చివరిసారి వెళ్ళిన చోట కలపాలని తమ్ముడు పట్టుబడితే, అన్నదమ్ములిద్దరూ ఒక ముసలి సరంగు పడవ కట్టించుకుని మడ అడవి పాయల మీదుగా బయలుదేరుతారు.

ఈ చిత్రంలో జరిగే సంఘటనలు చాలా చిన్నవి. మొదటి మధ్యాహ్నం సరంగు టీ కాచి నాలుగు గ్లాసుల్లో పోస్తాడు. ముగ్గురమే కదా అంటే, కొడుకు తోడొచ్చే రోజుల నుంచీ చేతికి అలవాటైపోయిందంటాడు. రెండో పూట తమ్ముడికి దూరంగా ఎవరో పిలిచినట్టు వినిపిస్తుంది. నక్క అయి ఉంటుందని అన్న తోసిపుచ్చుతాడు గానీ, ఆ మాట అనడానికి అతను తీసుకున్న వ్యవధి కొంచెం ఎక్కువ. ఇందాక చెప్పిన అడుగుజాడలు కనిపిస్తాయి. పాటుకు పడవ బురదలో కూరుకుపోయి ఆరు గంటలు కదలకుండా కూర్చోవలసి వస్తుంది. ఈ సంఘటనల్లో ప్రతిదానికీ లోకం ఒప్పుకునే కారణం ఉంది. ప్రతిదానికీ అన్న మనసులో ఇంకో కారణం కూడా ఉంది, అతను మాత్రం దానిని పైకి చెప్పలేడు, చెబితే ముప్పై ఏళ్ళ అబద్ధం కూడా బయటపడుతుంది. దయ్యం ఉందా లేదా అన్న సందేహమూ, అన్న చెబుతాడా లేదా అన్న సందేహమూ ఒకే తాడుకు రెండు పురులుగా మెలిపడతాయి. అలా పడనంతకాలం మానసికం అన్న విశేషణం పోస్టరు మీద అలంకారమే.

2015లో వచ్చిన "ది విచ్" చిత్రంలో ఈ పని మరొక విధంగా కనిపిస్తుంది. పదిహేడో శతాబ్దపు న్యూ ఇంగ్లండ్‌లో ఊరి నుంచి వెలివేతకు గురైన ఒక కుటుంబం అడవి అంచున బతుకుతుంటుంది. అక్కడ మంత్రగత్తె ఉందని చిత్రం తొందరగానే చూపిస్తుంది కాబట్టి ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. అయినా ఆ ఇంటిని కూల్చేది తండ్రి చేసిన చిన్న దొంగతనం. భార్య వెండి గిన్నెను రహస్యంగా అమ్ముకుని, ఆ నింద కూతురి మీద పడుతుంటే అతను నోరు మెదపడు. బయటి చెడుకు లోపలికి వచ్చే దారి ఆ మౌనమే. ఈ చిత్రాన్ని మా బావగారు మెచ్చుకున్నారని చెప్పాలి, మంత్రగత్తె కనబడింది కాబట్టి.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని గట్టిగా చెప్పదలచుకున్నాను. చివరి పది నిమిషాల్లో ఒక డాక్టరును ప్రవేశపెట్టి, ఇదంతా కథానాయకుడి మానసిక వ్యాధి అని ఒక పేరు పెట్టి ముగించే పద్ధతి మన భాషతో సహా చాలా భాషల్లో పాతుకుపోయింది. ఇది రెండు విధాల నష్టం. నిజంగా ఆ వ్యాధితో బాధపడేవారిని, వారి ఇంటివారిని జనం భయంగా చూసేలా చేస్తుంది. అంతవరకూ ఓపికగా కట్టిన సందేహాన్ని ఒక్క మాటతో కూల్చేస్తుంది. గతాన్నంతా వరుసగా చూపించి విప్పి చెప్పే దృశ్యమాలిక కూడా అలాంటిదే. మన ఊహాచిత్రంలో పదహారేళ్ళ కుర్రవాడు స్నేహితుల దగ్గర ఆగిపోయిన దృశ్యాన్ని ఎన్నడూ చూపించకూడదు. అన్న నోటి నుంచి అది ముక్కలు ముక్కలుగా, ఒకసారి ఒకలా, మరోసారి ఇంకోలా రావాలి.

తేలని లెక్క

సాహిత్య విమర్శకుడు త్స్వెతాన్ తొదోరోవ్ 1970లో ప్రచురించిన తన గ్రంథంలో, వింత సంఘటనకు లౌకికమైన కారణం ఉందా, లోకోత్తరమైన కారణం ఉందా అని తేల్చుకోలేక ఊగిసలాడే ఆ వ్యవధికే ఒక ప్రత్యేకమైన సాహిత్య ప్రక్రియగా స్థానం కల్పించాడు. ఏదో ఒకటి తేలిపోయిన క్షణాన కథ పక్కనున్న మరో ప్రక్రియలోకి జారిపోతుందని ఆయన విశ్లేషణ. మా బావగారి ప్రశ్నకు ఇది పండితుల సమాధానం. నాకు మాత్రం ఇంతకంటే దగ్గరి సమాధానం ఈ తీరంలోనే ఉందనిపిస్తుంది.

వేటకు వెళ్ళి తిరిగిరాని మనిషి ఇంట్లో ఏం జరుగుతుందో తీర గ్రామాల్లో తెలియనివారు లేరు. శరీరం దొరకనిదే కర్మ చేయడానికి మనసొప్పదు. ఏడేళ్ళ పాటు జాడ తెలియని మనిషిని చనిపోయినట్టు భావించవచ్చని చట్టం చెబుతుంది. ఆ ఏడేళ్ళు భార్య బొట్టు పెట్టుకోవాలా, మానాలా అన్నది చట్టం చెప్పదు. పోయినట్టూ కాదు, ఉన్నట్టూ కాదు. తలుపు చప్పుడైతే గుండె ఝల్లుమనడం ఏళ్ళ తరబడి ఆగదు. అమెరికా మనస్తత్వ పరిశోధకురాలు పాలిన్ బాస్, యుద్ధంలో గల్లంతైన సైనికుల కుటుంబాలతో మొదలుపెట్టి చేసిన తన కృషిలో, ఇలా ముగింపు లేని లోటును మామూలు దుఃఖం నుంచి వేరు చేసి దానికొక పేరు పెట్టింది. ఆ దుఃఖం తీరకపోవడానికి కారణం మనిషి బలహీనత కాదని, పరిస్థితిలోనే ఉన్న అస్పష్టత అని ఆమె వాదన. 1839 నవంబరు తుపానులో కోరంగి రేవు దాదాపు తుడిచిపెట్టుకుపోయినప్పటి నుంచి 1996 వరకు ఈ తీరం ఆ అస్పష్టతతో ఎన్నిసార్లు కాపురం చేసిందో లెక్క తేలదు. కాబట్టి ముగింపు చెప్పని కథ మనకు పరాయిది అన్న వాదనను నేను ఒప్పుకోలేను. తెర మీద రెండు గంటల పాటు మనం భరించలేకపోతున్న ఆ సగం సగం, ఈ తీరంలో కొందరు తల్లులు ముప్పై ఏళ్ళు భరించినదే.

ఈ దృష్టితో చూస్తే, దయ్యం ఉందా అన్న ప్రశ్న మారు వేషంలో ఉన్న వేరే ప్రశ్న అని తెలుస్తుంది. మన కథలోని తమ్ముడు తండ్రి దయ్యమై ఉన్నా బాగుండునని ఏ మూలనో కోరుకుంటాడు, ఎందుకంటే దయ్యం ఉంటే చావు ఖాయమైనట్టే. అన్న మాత్రం లేకపోతే బాగుండునని కోరుకుంటాడు, ఎందుకంటే ఉంటే అది నిజం చెబుతుంది. ఒకే పిలుపును ఇద్దరూ విని, ఒకరు ఆశతోనూ మరొకరు భయంతోనూ తల తిప్పే దృశ్యంలో ఈ తరహా చిత్రానికి కావలసిన సామగ్రి అంతా ఉంది. ఆ దృశ్యాన్ని ఏ వైపు నుంచి చూపించాలన్నది కెమెరా తీసుకోవలసిన నిర్ణయాల్లో అన్నిటికంటే కష్టమైనది. నేనైతే ఇద్దరి ముఖాలనూ ఒకే షాట్‌లో ఉంచి, వారు చూస్తున్న వైపును చూపించను.

చివరి రాత్రి అస్థికలు కలపవలసిన మొగకు ఇంకా రెండు మలుపుల దూరంలో పడవ ఆగుతుంది. "పోటు ఎక్కేత్తంది బాబూ, ఇప్పుడు కదలాపోతే మళ్ళీ రేపే" అంటాడు సరంగు. తమ్ముడు కుండను ఒడిలో పెట్టుకుని, "అన్నయ్యా, ఆ రోజు నాన్నకి చెప్పావు కదా?" అని మొదటిసారి సూటిగా అడుగుతాడు. అన్న జవాబు చెబుతాడు. ఏం చెప్పాడో పడవ అంచుకు తగిలే నీటి చప్పుడులో మనకు వినబడదు, తమ్ముడి ముఖంలో మాత్రం కనబడుతుంది. గెడ వేసి సరంగు పడవను కదుపుతాడు. కెమెరా కదలకుండా అక్కడే ఉండిపోయి, వారు టీ తాగిన గట్టునూ, దాని మీద వదిలేసిన నాలుగు గ్లాసులనూ, వాటి వైపు ఎక్కుతున్న నీటినీ చూపిస్తుంది. మూడు గ్లాసులు ఖాళీగా ఉన్నాయి. నాలుగోదానిలో టీ ఉందో లేదో కనబడేంత దగ్గరికి కెమెరా వెళ్ళదు, నీరు వచ్చి దానిని కూడా తీసుకుపోతుంది.